లెన్స్‌కు అంటిన గాజుపెంకు

స్లైడ్ పోయింది.

వేలెడంత గాజు పలక. సాయంత్రం జరగబోయే పతకప్రదానం మొత్తం దాని మీదే ఉంది. జ్వరం పుట్టించే కొత్త క్రిమి ముప్పై ఏళ్ళ క్రితం అందులోనే మొదటిసారి కంటపడింది. కనిపెట్టింది డైరెక్టరని గోడల నిండా పోస్టర్లు. కాదు, నేనని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న మనిషి ఒకావిడ ఉంది. ల్యాబ్‌లో ఆమెను డాక్టరమ్మ అంటారు.

ఇన్‌స్పెక్టర్ లోపలికి రాగానే డైరెక్టర్ వేలు ఆమె వైపు తిరిగింది. పతకం కమిటీ పెద్దాయన పక్కనే ఉన్నాడు.

"ఇంకెవరు, ఈవిడే! కడుపుమంట!"

"స్లైడ్ పెట్టిన బీరువా తాళాలు?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"నా దగ్గరొకటి, ఆవిడ దగ్గరొకటి."

"నిన్న ఎవరు తీశారు?"

"నేను తియ్యలేదు."

"నేనూ తియ్యలేదు," అంది డాక్టరమ్మ. "నా పనికి అదొక్కటే సాక్ష్యం. నా కళ్ళు నేనే పొడుచుకుంటానా?"

"నీ పనా? గాజుసామాను కడిగే అసిస్టెంటువి!"

సొమ్మొకడిది, సోకొకడిది. ఇన్‌స్పెక్టర్ పైకి అనలేదు. మైక్రోస్కోప్ మీదికి వంగాడు. అన్నిటికంటే పొడుగాటి లెన్స్ మొనన ఏదో మెరిసింది. పట్టకారుతో తీశాడు. సన్నటి గాజుపెంకు.

"దీంట్లో మీరు చాలా చూశారా సార్?"

"కళ్ళు పోయేదాకా!"

"అయితే ఇంకో స్లైడ్ పెట్టి చూపించండి. ఈ లెన్స్‌తోనే."

పెద్దాయన ఎదుట డైరెక్టర్ కాదనలేకపోయాడు. ఐపీస్‌కు కన్ను ఆనించి మర తిప్పాడు. లెన్స్ దిగింది. ఇంకా దిగింది.

"ఆగు!" డాక్టరమ్మ కేక.

టక్. స్లైడ్ పగిలింది.

"పక్కనుంచి చూస్తూ కిందికి దింపాలి. లోపల చూస్తూ పైకెత్తాలి!" పళ్ళు కొరికింది ఆమె. "నిన్నగాక మొన్నొచ్చిన పిల్లలు చేసే తప్పు ఇది!"

"విన్నారుగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "స్లైడ్ ఎవరూ ఎత్తుకుపోలేదు. సాయంత్రం టీవీ వాళ్ళ కోసం నిన్న మీరు రిహార్సల్ చేశారు, ఇలాగే పగలగొట్టారు. నింద ఆవిడ మీదికి తోశారు. ముక్కలేవి?"

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు డైరెక్టర్ చెయ్యి కోటు జేబు మీదికి పోయింది. ఇన్‌స్పెక్టర్ అందులోంచి రుమాలు లాగాడు. రుమాలులో గాజుముక్కలు.

"అయితే ఏంటి? పగిలింది నా స్లైడే!"

"మీదే అయితే పగిలేది కాదు సార్. దీంట్లో రోజూ చూసిన చెయ్యి ఇలా తిప్పదు."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మీ పూర్తి పేరు..."

"ముప్పై ఏళ్ళకి అడుగుతున్నారా?" డాక్టరమ్మ ఆయన వైపు చూడనైనా లేదు. ఇన్‌స్పెక్టర్ ముందు చెయ్యి చాపింది. "ముందా ముక్కలు ఇటు తెండి. ఆ క్రిమి ఏ ముక్కలో ఉందో నాకు తెలుసు."