దిక్కులేని ముక్కలు

అలిస్టర్ రాంకిన్ కాలు జారి చచ్చిపోలేదు. హాలిఫాక్స్ రేవులో ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు అతన్ని చంపిన మనిషి. ఇంకొకరు ఫ్లోరా గిల్లిస్.

"మంచు పట్టిన చెక్కల మీద జారాడు, తల పగిలింది. డాక్టరు అదే రాశాడు," అన్నాడు ముర్డాక్ బీటన్. వలలూ తాళ్లూ అమ్మే దుకాణం పైన ఉన్న ఆ మూడు గదుల్లో గూఢచారి శాఖ ఉందని కింద దుకాణదారుడికి కూడా తెలియదు. ముర్డాక్ దానికి చీఫ్. "నీ పార్ట్‌నర్ పోయాడు, బాధ ఉంటుంది. కాదనను."

"బాధ కాదు సార్." కోపం వస్తే ఫ్లోరా గొంతు పెరగదు, తగ్గుతుంది. "అతని గదిలో ఫ్లాపీలన్నీ ఖాళీ అయిపోయాయి. ఒక్కదాని మీదా గీత లేదు. అయస్కాంతం తగిలితేనే అలా అవుతుంది."

"అయితే?"

"అంత్యక్రియల రోజు సొలాంజ్ అలిస్టర్ వాళ్లమ్మని కావలించుకుని ఏడ్చింది. వదిలేసరికి ఆ ముసలావిడ తలపిన్ను సొలాంజ్ కోటు మీది బ్రోచ్‌కి అతుక్కుని ఉంది. వెండి బ్రోచ్ సార్ అది. వెండికి ఇనుము అతుక్కోదు."

ముర్డాక్ కాఫీ కప్పు కింద పెట్టాడు. సొలాంజ్ లసెర్త్ అంటే మాటలా? ఒట్టావాలో టెక్నికల్ సెక్షన్ మొత్తం ఆమె చెప్పుచేతల్లో ఉంది.

"తలపిన్ను చూపించి ఆవిడని లోపలేయమంటావా? రేవులో సీగల్ పక్షులు కూడా నన్ను చూసి నవ్వుతాయి."

"పిన్ను చూపించక్కర్లేదు. ఆవిడ చేత్తో ఆవిడే చూపిస్తుంది. మీరు పక్కన కూర్చుని చూడండి చాలు."

రేవులో ఆ రోజు నాలుగు విదేశీ ఓడలు బయల్దేరాల్సి ఉంది. సముద్రం అడుగున జలాంతర్గాముల చప్పుడు పసిగట్టే యంత్రం ఒకటి నేవీ ల్యాబ్ నుంచి మాయమై, ఆ నాలుగింట్లో ఏదో ఒక దాంట్లోకి ఎక్కేసింది. ఎక్కించింది 'గ్రే గల్' అనే ముఠా. నాలుగు ఓడల్నీ ఆపితే నాలుగు దేశాల రాయబారులు ఫోన్లు చేస్తారు. ఆపాల్సింది ఏ ఓడనో అలిస్టర్ కనుక్కున్నాడు. కనుక్కున్న రోజే పోయాడు.

అతని ల్యాప్‌టాప్ మాత్రం చంపిన మనిషికి దొరకలేదు. అతని ఇంటి ఆయిల్ ట్యాంకు వెనక, పాత కోటులో చుట్టి ఉన్నదాన్ని ఫ్లోరా బయటికి తీసింది. దాని డిస్కు పాడైంది. ముర్డాక్ ఒట్టావాకి కబురు పెట్టాడు: దీన్ని బాగుచేసే మనిషిని పంపండి. బాగుచేసేవాళ్లు వాళ్ల దగ్గర పదిమంది ఉన్నారు. మొదటి విమానంలో సొలాంజే దిగింది.

ఎర్ర కోటు, సెంటు, కోటు మీద లాబ్‌స్టర్ ఆకారంలో వెండి బ్రోచ్. గది ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు అనిపించింది.

"ఈ చేపల కంపులో ఎలా బతుకుతారు డియర్?" అంది నవ్వుతూ.

"ముక్కుకి అలవాటైపోతుంది మేడమ్. ఏదైనా కుళ్లితే మాత్రం వెంటనే తెలుస్తుంది." ఫ్లోరా కాఫీ అందించింది. తన కోటు జేబులో తలపిన్ను మొన బొటనవేలికి గుచ్చుకుంటోంది. అంత్యక్రియల నాడు బ్రోచ్ మీంచి రాలినప్పుడు తీసి దాచింది, అప్పటి నుంచి అది అక్కడే ఉంది.

సొలాంజ్ కీబోర్డు ముందు కూర్చుంది. పని వచ్చిన మనిషి, అందులో సందేహం లేదు.

"డ్రైవ్‌స్పేస్‌తో కుదించాడు. చిన్న డిస్కులో రెండింతల సామాను," అని ముర్డాక్‌కి చెప్పింది. "పెట్టె మీద మోకాలు పెట్టి నొక్కి మూత వేసినట్టన్నమాట. మీకు సి డ్రైవ్‌లా కనిపించేది అసలు డ్రైవే కాదు చీఫ్. అదంతా హెచ్ డ్రైవ్‌లో దాక్కున్న ఒకే ఒక్క ఫైలు. అందుకే ముందు దాచినదాన్ని చూడాలి, తర్వాతే దాగినదాన్ని."

"మనుషుల్లో కూడా అలాంటివాళ్లుంటారు," అంది ఫ్లోరా.

సొలాంజ్ విననట్టే, డిస్కులో తప్పులు వెతికే స్కాన్‌డిస్క్ నడిపింది. హెచ్ శుభ్రంగా ఉంది. సి దగ్గర పసుపు గీత నత్తలా పాకి ఆగిపోయింది. ఏ ఫైలుకీ చెందని ముక్కలు కొన్ని దొరికాయట. సేవ్ చేయమంటారా, తీసేయమంటారా అని అడిగింది తెర.

"దిక్కులేని ముక్కలు," అంది సొలాంజ్. "చెత్త. ఇవి తీసేస్తే డిస్కు లేచి కూర్చుంటుంది."

ఏదైనా రాస్తుండగా కరెంటు పోతే, ఆ రాస్తున్నదే దిక్కులేని ముక్కలవుతుందని ఫ్లోరాకి తెలుసు. సొలాంజ్‌కి ఇంకా బాగా తెలుసు.

"తీసేసే ముందు అన్‌డూ డిస్కు చెయ్యాలి, కావాలంటే వెనక్కి తెచ్చుకునేలా. మన రూలు," అన్నాడు ముర్డాక్.

"రూలే కదా, అలాగే. కానీ చీఫ్, మధ్యలో డిస్కు మీద ఇంకేమీ రాయకూడదు. రాస్తే ఇక వెనక్కి తిప్పలేం." ఫ్లోరా ఇచ్చిన ఫ్లాపీని లోపలికి తోసింది. దాని మీద ఫ్లోరా అక్షరాలతో 'అన్‌డూ' అని ఉంది. అది గరగరమని ఆగింది. సొలాంజ్ 'తీసేయి' నొక్కింది. అలిస్టర్ ఆఖరి మాటలు డిస్కు మీద నుంచి మాయమయ్యాయి.

ఫ్లాపీని బయటికి లాగి టేబుల్ మీద పెట్టింది. అప్పుడే కొండ మీది కోటలో ఫిరంగి పేలింది.

అక్కడ రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి పేలుస్తారు. హాలిఫాక్స్‌లో పుట్టినవాళ్లు తల కూడా తిప్పరు, గడియారం సరిచూసుకుంటారు. మాంట్రియల్‌లో పుట్టిన సొలాంజ్ మాత్రం ఉలిక్కిపడి కిటికీ వైపు తిరిగింది. మళ్లీ ఇటు తిరిగేసరికి టేబుల్ మీద 'అన్‌డూ' అని రాసిన ఫ్లాపీ అలాగే ఉంది. ఫ్లోరా కాఫీ తాగుతోంది.

"పాపం అలిస్టర్," అంటూ సొలాంజ్ ఫ్లాపీని గుండెకు హత్తుకుంది. బ్రోచ్ మీదుగా దాన్ని నెమ్మదిగా రుద్దింది, పసిబిడ్డని జోకొట్టినట్టు. "ఇదిగో చీఫ్, భద్రంగా దాచుకోండి."

"దాచే ముందు ఒకసారి పెట్టి చూద్దాం సార్," అంది ఫ్లోరా.

"చూడండి, నాకేం."

ముర్డాక్ పెట్టాడు. డిస్కు చదవలేనని తెర చెప్పింది. సొలాంజ్ నాలుక చప్పరించింది. "చవక ఫ్లాపీలు. మీ బడ్జెట్ నాకు తెలీదా?" అని లేచి గ్లవ్స్ తొడుక్కుంది.

ముర్డాక్ మొహంలో రంగు మారింది. "సొలాంజ్, ఈ డిస్కు మీద పొద్దున నా చేత్తో నేనే నాలుగు మాటలు రాసి, చదివి చూసుకున్నాను. అప్పుడు బాగానే ఉంది."

"ఏ డిస్కు?" అంది సొలాంజ్.

ఫ్లోరా తన స్వెట్టర్ చేతి మడతలోంచి రెండో ఫ్లాపీ బయటికి తీసింది. దాని మీదా 'అన్‌డూ' అనే ఉంది. "నువ్వు చేసింది ఇది. నువ్వు చంపింది అది. కూర్చో."

ఇంతవరకు మేడమ్ అన్న నోటితోనే. సొలాంజ్ కూర్చుంది. తలుపు దగ్గర ముర్డాక్ నిలబడ్డాడు మరి.

ఫ్లోరా అసలు ఫ్లాపీ పెట్టింది. పోయిన ముక్కలు వెనక్కి వచ్చాయి. మళ్లీ స్కాన్‌డిస్క్. మళ్లీ అదే ప్రశ్న. ఈసారి 'సేవ్'. పుట్టిన కొత్త ఫైలు తెరిస్తే కొన్ని వరుసలున్నాయి:

'ఓడ ఒర్లీనా. ముందువైపు సరుకు గదిలో, ఉప్పు చేపల పీపాల కింద. శాఖలోనే ఎవరో వాళ్లకి చెబుతున్నారు, పేరు రేపు తేలుతుంది. మెట్ల మీద సొలాంజ్ గొంతు. ఇది దాచేసి టీ పెట్టాలి.'

ముగించని రిపోర్టు అలిస్టర్ ఎవరికీ చూపించడు, స్నేహితులకి కూడా. సేవ్ అవుతుండగానే బ్యాటరీ పీకేసి దాచాడు. వచ్చిన మనిషి కోసం టీ నీళ్లు పెట్టాడు. ఫ్లోరా ఆ ఆఖరి వరుసను రెండుసార్లు చదివింది.

కిటికీలోంచి ఒర్లీనా కనబడుతోంది. తాళ్లు విప్పేశారు. దారి చూపే రేవు పైలట్ ఎక్కకుండా ఏ ఓడా రేవు దాటదు. పైలట్ పడవ దాని పక్కకే చేరింది.

ముర్డాక్ ఫోనందుకుని, చేపల సూపు పేరుతో ముందే అనుకున్న సంకేతం చెప్పాడు. "చౌడర్ చల్లారింది."

"ఏ గిన్నె?" అంది అవతలి గొంతు.

"ఒర్లీనా."

తాడు నిచ్చెన మీద ఒక కాలు, పడవలో ఒక కాలు పెట్టిన పైలట్ ఆగాడు. చెవి దగ్గర రేడియో పెట్టుకున్నాడు. పైకెత్తిన కాలు తాపీగా దించి, పడవలో కూర్చుని థర్మాస్ మూత తిప్పాడు. ఓడ కెప్టెన్ పైనుంచి తన భాషలో ఏవో తిట్లు తిట్టాడు. నేవీ పడవలు వచ్చేదాకా తిడుతూనే ఉన్నాడు.

సొలాంజ్ అప్పటికి తేరుకుంది. "ముఠా మొత్తాన్ని పట్టిస్తాను. పేర్లు, ఇళ్లు, బ్యాంకులు, అన్నీ. మనుషులకి కూడా అన్‌డూ ఉంటుంది ఫ్లోరా."

"నువ్వే చెప్పావుగా. పైన ఇంకేమీ పడకపోతేనే వెనక్కి తిప్పగలం." ఫ్లోరా గొంతు దాదాపు వినబడటం లేదు. "అలిస్టర్ మీద మట్టి పడింది."

సొలాంజ్ కోటు మీద నుంచి బ్రోచ్ ఊడదీసి టేబుల్ మీద పెట్టింది. జేబులోంచి తలపిన్ను తీసి దగ్గరగా ఆనించింది. టక్కుమని అతుక్కుంది.

"బ్రోచ్ సాక్ష్యం సార్, మీ దగ్గరుంచండి. పిన్ను మాత్రం కేసు అయ్యాక వాళ్లమ్మకి నేనే ఇచ్చొస్తాను."

కింద దుకాణం వెనక తలుపు గుండా సొలాంజ్‌ని తీసుకెళ్లారు. మెట్ల మీద సెంటు వాసన కాసేపు నిలిచి, తర్వాత చేపల వాసనలో కలిసిపోయింది.

తెర మీద స్కాన్‌డిస్క్ ఇంకా ఎదురుచూస్తోంది. లోపల అంతా సరిచేశాను, ఇక ఉపరితలం కూడా పరీక్షించమంటారా అని అడుగుతోంది.

ఫ్లోరా బ్రోచ్ వైపు చూసింది. వెండి పూత భలే తళతళలాడుతోంది.

"అక్కర్లేదు," అని 'నో' నొక్కింది. "పైమెరుగు ఇదివరకే చూశాం."