గుంట మగ్గం, పెనాంగు స్టీమరు

కాబోయే పెళ్ళికొడుకు చేతిలో కొలతల టేపు పట్టుకుని గడప తొక్కితే ఆడపిల్ల ఏమనుకుంటుంది? రవికకు కొలత తీసుకోవడానికి వచ్చాడేమోననుకుంది అనసూయ. ఇదేం తొందరపాటు మనిషిరా దేవుడా అని, మగ్గం గుంటలో కూర్చున్నది కూర్చున్నట్టే తల ఎత్తి చూసింది.

మునిరాజు ఆమె వైపైనా చూడలేదు. నేరుగా వెళ్ళి రుబ్బురోలు ముందు గొంతుకూర్చుని, దాని చుట్టూ టేపు తిప్పాడు.

"అబ్బా, ఎంత లావు నడుము," అన్నాడు తనలో తాను.

అనసూయకు నవ్వొచ్చింది. ఆ నవ్వును పేక దారం నడిపే నాడెతో పాటు పడుగు అవతలికి తోసేసి, మళ్ళీ నేతలో పడింది.

యుద్ధం ముగిసి రెండో ఏడు నడుస్తోంది. మునిరాజు సముద్రం అవతల పెనాంగులో ఒక బట్టల షాపులో పెద్ద గుమాస్తా. పెళ్ళి చేసుకుని భార్యను వెంటబెట్టుకుని పోదామని సెలవు మీద బెంగళూరు వచ్చాడు. కబ్బన్‌పేటలో నేతపని చేసే సొన్నప్ప కూతురు అనసూయ అతనికి వరుస కలిసింది. పెద్దవాళ్ళు తాంబూలాలు మార్చుకున్నారు. ఇక తేలవలసినది సామాను సంగతి ఒక్కటే. స్టీమరు కంపెనీ వాళ్ళు సామానుకు అది ఆక్రమించే జాగాను బట్టి చార్జీ వేస్తారు. ఇక్కడినుంచి ఏం మోసుకుపోవాలి, అక్కడ ఏం కొత్తగా కొనాలి అన్నది తేల్చడానికే ఈ టేపు.

అనసూయకు తల్లి లేదు. పెంచింది దొడ్డమ్మ, అంటే సొన్నప్ప వదిన. రోలు దొడ్డమ్మది. ఆమె దాని పక్కనే కాపలాగా నిలబడింది.

"రోలు వద్దు దొడ్డమ్మా. చీనావాళ్ళ అంగట్లో నున్నగా ఉండేవి దొరుకుతాయి, ఆడ కొంటా," అన్నాడు మునిరాజు.

"చీనావాళ్ళకు మన సంకటిలోకి నూరే పచ్చడి సంగతి తెలుసునా?"

"తెలీదు."

"మరి వాళ్ళ రోలు మనకేల అప్పా?"

రోజుకు నూరుమందికి జవాబు చెప్పే పెద్ద గుమాస్తా రోలును వదిలేశాడు. టేపు తీసి ఇత్తడి హండాకు చుట్టాడు.

"ఇదీ వద్దు. ఆడ చలే లేదు. నీళ్ళు ఎండలో పెడితే కాగుతాయి."

"నీళ్ళు కూడా కాచుకోరా? ఎంత సోమరి ఊరప్పా అది."

మునిరాజు లేచి టేపు చుట్టేశాడు. "రెండు ట్రంకులు, ఒక పరుపు చుట్ట. అంతే. మంచము, అద్దం బీరువా, గడియారం, అన్నీ ఆడ కొత్తవి తీస్తా. పాత సామాను మూటలు కట్టుకోని దిగితే హార్బర్లో నలుగురు నవ్వుతారు."

"మగ్గం?"

ఆ మాట నేల లోపలినుంచి వచ్చింది. మునిరాజు వెనక్కి తిరిగాడు. పెళ్ళిచూపుల నాడు అతనికి కనబడింది ఆమె పాపిట మాత్రమే. ఇప్పుడు కళ్ళు కనబడ్డాయి. ఆమె నడుము దాకా గుంటలో ఉంది, ఆ కళ్ళు అతని మోకాళ్ళ ఎత్తున ఉన్నాయి. అయినా మిద్దె మీదినుంచి చూస్తున్నట్టే చూస్తోంది. చుట్టిన టేపును అతను మళ్ళీ విప్పసాగాడు.

"మగ్గం ఏల?" అన్నాడు తేరుకుని. "ఆడ బట్ట బేళ్ళు బేళ్ళు స్టీమర్లో దిగుతుంది. నేసేవాళ్ళు ఎవురూ లేరు."

"లేరు కాబట్టే నేను ఉంటా అంటా ఉండా."

"ఇది గుంట మగ్గం కదా అనసూయా. గుంటను కూడా స్టీమరెక్కిస్తావా?"

దొడ్డమ్మ నవ్వింది. అరుగు మీద కూర్చున్న సొన్నప్ప కూడా నవ్వాడు. అనసూయ నవ్వలేదు.

"గుంట తవ్వుకోవచ్చు బావా. ఆ ఊర్లో నేల ఉండాది కదా. మగ్గం లేకుంటే నేను ఆడ ఏం చెయ్యల్ల?"

మునిరాజు ఛాతీ కొంచెం ముందుకు వచ్చింది. ఈ మాట చెప్పడానికే అతను సముద్రం దాటి వచ్చాడు. "ఏమీ చెయ్యొద్దు. వంట చేసుకో, చల్లగా కూర్చో. మునిరాజు పెండ్లాము గుంటలో దిగాల్సిన పనిలేదు."

అతను కానుక ఇచ్చాననుకున్నాడు. అనసూయకు చెంప మీద కొట్టినట్టయింది. తండ్రి భుజం పడిపోయిన ఏడాది ఆమె ఆ గుంటలో దిగింది. ఆడపిల్ల నేసిన చీర ఎవరు కొంటారన్నవాళ్ళే ఇప్పుడు సొన్నప్ప కూతురి అంచు ఉందా అని అడిగి కొంటున్నారు. చిక్‌పేట షావుకార్లు ఆమె చీరను విప్పి చూడకుండానే గుర్తుపడతారు. ఇన్నేళ్ళ పేరు ఇతనికి గుంటలా కనబడిందన్నమాట.

ఆమె నాడె పక్కన పెట్టింది.

"అట్లయితే అద్దం బీరువాతో పాటు పెండ్లాన్ని కూడా ఆడనే కొత్తగా తెచ్చుకో బావా. పాత సామాను మోసుకోని పోతే నలుగురు నవ్వుతారు."

టేపు మునిరాజు చేతిలోంచి జారి గుంటలో పడింది. దాన్ని అడిగి తీసుకునే ధైర్యం లేక అతను అలాగే వెళ్ళిపోయాడు.

సొన్నప్ప అరుగు మీదినుంచి లేచి గుంట దగ్గరికి వచ్చాడు. "నువ్వు వద్దంటే తాంబూలం వెనక్కి ఇచ్చేస్తా అమ్మీ. నేను ఎవురికీ భయపడను."

"రెండు దినాలు ఉండు నాయనా."

ఎందుకు ఉండమందో ఆమెకు తెలుసు. రోలు నడుము చూసి తనలో తాను గొణుక్కున్న ఆ మనిషి ఆమెకు నచ్చాడు. అదే కష్టం. నచ్చనివాడైతే ఈపాటికి తాంబూలం వెనక్కి వెళ్ళి ఉండేది. మగ్గం వదిలి అతనితో పోతే తను ఎవరో ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. అతన్ని వదిలి మగ్గంతో ఉంటే స్టీమరు అతన్ని ఒక్కణ్ణే తీసుకుపోతుంది. ఆ రోజు నేసిన జానెడు బట్టా ఆమెకే నచ్చలేదు.

వైశాఖం చివర బెంగళూరు వానకు వేళాపాళా ఉండదు. మర్నాడు కాక ఆ పైరోజు, మధ్యాహ్నం ఎండ కాస్తుండగానే కుండపోతగా పట్టుకుంది. అనసూయ వంటింట్లో సంకటి కెలుకుతోంది. వీధి తలుపు చప్పుడైంది. మునిరాజు నిలువునా తడిసి లోపలికి వచ్చాడు. వెనకాల రంపమూ మోకులూ మోసుకుంటూ వడ్రంగి నంజప్ప.

"మామా, మగ్గం మొత్తం తీసుకోని పోదాం," అన్నాడు మునిరాజు సొన్నప్పతో. వంటింటికి వినబడాలనే గట్టిగా అన్నాడు. "గుంజలు, బట్ట చుట్టే దోనెలు అన్నీ. నా ట్రంకు, పరుపు ఏమీ వద్దు. జాగా అంతా మగ్గానికే రాయించి వచ్చినా."

గరిటె అనసూయ చేతిలోనే ఆగిపోయింది. కాసేపు వంటింట్లోనే ఉండి ఆ సంతోషాన్ని ఒక్కతే అనుభవించాలనుకుంది. కాని అవతల గుంజల వెడల్పు, నిడివి అని నంజప్ప ఏదో అంటుంటే, "ఉండు, ముందు ఈ దారం తీసేస్తే నీకు సులువు," అన్న మునిరాజు మాట వినబడింది. ఆమె పరుగున వచ్చింది.

మునిరాజు కత్తెర తెరిచి, బిగించి ఉన్న పడుగు మీద పెట్టబోతున్నాడు.

"బావా, చెయ్యి తీయ్."

ఆమె అరవలేదు. అయినా నంజప్ప రంపం కింద పెట్టేశాడు. నేతగాళ్ళ ఇళ్ళలో మగ్గం మీద ఎక్కిన పడుగును సగంలో ఎవరూ కోయరు. ఇల్లు మారినా, ఇంట్లో మనిషి పోయినా నేత కొన్నాళ్ళు ఆగుతుందే గాని పడుగు మీద కత్తెర పడదు. చివరిదాకా నేసి దించవలసిందే. పాకే పిల్లను కూడా ఆ దారాల దగ్గరికి రానివ్వరు. మునిరాజు పుట్టిందీ నేత ఇంట్లోనే. కాని పలక పట్టే వయసులోనే అంగడికి పంపేశారు, ఆ తర్వాత అతను బట్టను చూసింది గల్లాపెట్టె వైపునుంచే.

మునిరాజు కత్తెర వెనక్కి తీశాడు. తను ఏం చేయబోయాడో అప్పుడు గుర్తొచ్చింది. నీళ్ళు కారుతున్న చొక్కాతో అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

"మరిచిపోయినా అనసూయా. మాయమ్మ చూసింటే చెయ్యి విరగ్గొట్టేది."

అతనే మళ్ళీ అన్నాడు. "వానాకాలం మా గుంటలో నీళ్ళు ఊరేవి. మాయమ్మ ఆ తేమలోనే కాళ్ళు పెట్టుకోని నేసేది. మోకాళ్ళు వాచిపోయి సాయంత్రానికి లేవలేకపోయేది. నేనే చెయ్యి పట్టి పైకి లాగేవాణ్ణి. నా పెండ్లాన్ని ఆ గుంటలో దించకూడదని అప్పుడే అనుకున్నా. అంతేగాని నీ పని చిన్నదని కాదు."

అనసూయ అతని ముందు కూర్చుంది. మూడు రోజుల కోపం ఎటుపోయిందో ఆమెకే తెలియలేదు.

"మీయమ్మ దిగింది పొయ్యి వెలగల్లని. నేను దిగేది నాకిష్టమై. పేటలో ఈ అంచు చూస్తే ఇది ఎవురు నేసినారో చెప్తారు. ఆ పేరు ఈడ పెట్టేసి ఒట్టి చేతుల్తో నీ వెనకాల రావల్లనా?"

"వద్దు. నాకు నువ్వు చేతుల్తో సహా కావల్ల."

దొడ్డమ్మ గభాలున వంటింట్లోకి పోయింది. సంకటి అడుగంటుతుందని చెప్పింది గాని, నవ్వు ఆపుకోవడానికే పోయిందని అందరికీ తెలుసు.

అనసూయ ముఖం ఎర్రబడింది. మాట మార్చింది. "ఆ ఊర్లో కట్టెలు దొరుకుతాయా?"

"అడవి నిండా కట్టెలే."

"మరి ఈ కట్టెలు స్టీమరెక్కించేది ఏల? జాస్తి ఖర్చు. గుంజలు, దోనెలు ఆడ చేయించు. నాకు అచ్చు ఒక్కటి వస్తే చాలు."

అచ్చు అంటే పడుగు పోగులన్నీ దూరి వచ్చే ఆ దువ్వెనా, దాని వెనక ఉండే దారపు కళ్ళూ. పడుగు చివరికొచ్చినప్పుడు నేతగాడు ఆ పోగులను పూర్తిగా లాగేయడు. అచ్చులో జానెడు వదిలేస్తాడు. కొత్త పడుగు వచ్చాక ఒక్కొక్క కొత్త పోగునూ ఒక్కొక్క పాత పోగుకు మెలివేసి అతుకుతాడు. పాతది ముందు నడుస్తుంది, కొత్తది దాని వెంట కళ్ళలోంచి వస్తుంది.

"అది ఉంటే చాలప్పా," అన్నాడు సొన్నప్ప. "కట్టె ఏ ఊరిదైనా మగ్గం మనదే."

"గుంటకు లోపల ఇటుకలు పరిపిస్తా. చెమ్మ రాకుండా సున్నం కొట్టిస్తా," అన్నాడు మునిరాజు.

"కూలివాళ్ళతో కాదు. నువ్వే తవ్వల్ల."

"నేనే తవ్వుతా."

నంజప్ప రంపం భుజాన వేసుకుని, తనకింక ఇక్కడ పనిలేదని వానలోనే వెళ్ళిపోయాడు.

పెళ్ళి దగ్గరపడుతోంది. ఆలోగా పడుగు చివరిదాకా నేసి దించాలి. అనసూయ పొద్దున్నే గుంటలో దిగేది. నాడెలోకి దారపు కండెలు చుట్టి ఇవ్వడానికి మనిషి కావలసివచ్చింది. మునిరాజు చొక్కా చేతులు మడిచి రాట్నం ముందు కూర్చున్నాడు. మొదటి రోజు అతను చుట్టిన కండె నాడెలో పెట్టగానే చిక్కుపడింది. అనసూయ దాన్ని తీసి గుంట గట్టున పెట్టి, "ఇది నీ షాపులో అమ్ముకో," అంది. మర్నాటికి కండె నిలబడింది. పెళ్ళికొడుకు రాట్నం తిప్పుతున్నాడని విని పేట పేటంతా ఏదో ఒక వంకతో గుమ్మం ముందునుంచి పోయింది.

"పెనాంగు దొర ఇట్ల కూర్చున్నాడే," అన్నారెవరో ఆడవాళ్ళు.

"సుమ్నె, గమ్మున పొండమ్మా, పని జరగతా ఉండాది," అని దొడ్డమ్మ కసిరింది. అప్పటికి ఆమె మునిరాజు పక్షం చేరిపోయింది.

ఆ పడుగు మీది ఆఖరు చీర ముదురు ఎరుపు, వంకాయరంగు అంచు. పెళ్ళి పీటల మీద అనసూయ దాన్నే కట్టుకుంది. తాళి కట్టేటప్పుడు తల వంచమని పురోహితుడు చెబితే వంచింది. మిగతా వేళంతా నిటారుగానే కూర్చుంది. తన చేత్తో నేసుకున్న చీరలో తల వంచుకుని కూర్చోవడం ఆమెకు చాతకాలేదు.

మద్రాసు బండి సిటీ స్టేషన్లో పొద్దున కదిలింది. రోలు కబ్బన్‌పేటలోనే ఉండిపోయింది. తెల్లగుడ్డలో చుట్టి, రెండు వెదురు దబ్బల మధ్య బిగించిన అచ్చును మునిరాజు కూలీ చేతికి ఇవ్వలేదు, పైన పలక మీదా పెట్టలేదు. ఒళ్ళో నిలబెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. దాని వెనకనుంచి అతని ముఖం సగమే కనబడుతోంది. ఎదురుగా కూర్చున్న పెద్ద తలపాగా వ్యాపారి కంటోన్మెంటు దాటేదాకా ఓపిక పట్టాడు. బండి కె.ఆర్.పురం చేరేసరికి ఇక ఉండలేకపోయాడు.

"ఏమప్పా అది? అంత పదిలంగా పట్టుకోనుండావు?"

"మా ఇంటామెది. ఆమె పట్టుచీరలు నేస్తుంది. పెనాంగులో మగ్గం పెట్టబోతా ఉండాం."

"ఓహో. మరి ఆడ నువ్వేం చేస్తావు?"

అనసూయ చెవులు అక్కడే ఉన్నాయి. పెద్ద గుమాస్తానని చెప్పుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. అలా చెప్పినా ఆమె తప్పుపట్టేది కాదు.

"నేనా? ఆమెకు కండెలు చుడతా," అన్నాడు మునిరాజు.

అనసూయకు ఆ మాట ఇంకోసారి వినాలనిపించింది.

"ఏమంటివి బావా? బండి చప్పుడులో నాకు వినపడలా," అంది.

మునిరాజు ఈసారి రైలుపెట్టెలో అందరికీ వినబడేలా చెప్పాడు.