మెచ్చుకోని పెట్టె

శనివారం పొద్దున వెర్నన్ వంటింట్లో నిలబడే కాఫీ తాగుతున్నాడు. ఆ ఇంట్లో కుర్చీలకు కొదవ లేదు. అన్నీ అతను వేలాల్లో కొని దాచుకున్న నూటయాభై ఏళ్ళ నాటివి, ఎవరూ కూర్చోకూడదు. ఎక్కడ కూర్చోనూ అని విసుక్కునే భార్య ఇప్పుడు లేదు.

కూతురు లోయిస్ తలుపు తోసుకుని వచ్చింది.

"నాన్నా, కోటు వేసుకో! స్టాల్టర్ వాళ్ళ కొట్టంలో ఇవాళే వేలం. నిన్న చూసొచ్చాను. దుప్పట్లు పెట్టుకునే పెట్టె. నీలిరంగు మీద తులిప్ పూలు. పాత రంగే, ఎవరూ గీకలేదు!"

"అందరూ అలాగే అంటారు."

"పలకలు చేత్తో కోసి అతికినవి. వదిలి రాబుద్ధి కాలేదు, తెలుసా?"

వెర్నన్‌కీ ఆ పెట్టె కావాలనిపించింది. ముఖంలో మాత్రం కనబడనివ్వలేదు.

"వేలంలో నేను పాడను," అన్నాడు కారులో. "నేను చెయ్యెత్తితే మంచి సరుకని వ్యాపారులంతా ఎగబడతారు. నువ్వే పాడు."

లోయిస్ సొంతంగా వేలం పాడటం ఇదే మొదలు. దారంతా మాట్లాడుతూనే ఉంది.

కొట్టంలో జనం సొరుగులు లాగి, బల్లలు తిరగేసి చూస్తున్నారు. వెర్నన్ మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె అడుగున వేలితో తడిమాడు. అచ్చమైనది. పక్కనే గ్రోవర్ అనే వ్యాపారి చెవులు రిక్కించి ఉన్నాడు. వెర్నన్ లేచి, అందరికీ వినబడేలా అన్నాడు:

"కాళ్ళు కొత్తవి. రంగు పోయినేడు వేసింది. దీన్ని నా కోళ్ళు కూడా ఒప్పుకోవు."

అందరూ నవ్వారు. వెనక నిలబడ్డ లోయిస్ నవ్వలేదు.

పాట మొదలైంది. గ్రోవర్ నంబరు అట్ట ఎత్తాడు. లోయిస్ అట్ట ఒళ్ళోనే ఉంది. గుమ్మం దగ్గర నుంచి వెర్నన్ కూతురి వైపే చూస్తున్నాడు. ఎత్తు, ఎత్తు! వేలంవాడి సుత్తి పడింది. పెట్టె గ్రోవర్‌దైంది.

"నిద్రపోతున్నావా? చెయ్యెత్తవేం?"

"నకిలీ అన్నది నువ్వే కదా!"

"అది వాళ్ళ కోసం అన్నాను, పిచ్చిదానా! కావలసిన వస్తువును పైకి మెచ్చుకుంటారా ఎవరైనా? ఆ మాత్రం తెలీదూ?"

"ఎలా తెలుస్తుంది? నా చదువునీ అలాగే అన్నావు. నా మొగుణ్ణీ అలాగే అన్నావు. ఏది నిజమో, ఏది బేరమో నాకెలా తెలియాలి? అమ్మకి చివరిదాకా తెలీలేదు."

వెర్నన్ టోపీ సర్దుకుని బయటికి నడిచాడు. లోయిస్ వెనకే వచ్చింది.

బయట గ్రోవర్ పెట్టెను ట్రక్కెక్కిస్తున్నాడు. "ఏం వెర్నన్, కాస్త లాభమిచ్చి తీసుకెళ్ళు. నీ కోళ్ళకి పనికొస్తుంది!"

పెదవి విరిస్తే చాలు, పెట్టె చవగ్గా వచ్చేస్తుంది. వెర్నన్ కూతురి వైపు చూశాడు. తర్వాత ఆవరణంతా వినబడేలా గొంతెత్తాడు.

"కాళ్ళు అసలువే. రంగూ అసలుదే. ఇంత మంచిది నా జన్మలో చూడలేదు. కనిపెట్టింది నా కూతురు. నాకన్నా దానిదే మంచి కన్ను."

గ్రోవర్ ఇకిలింపు ఆగిపోయింది. "అయితే నేనమ్మను," అని తాడు బిగించి కట్టుకుని వెళ్ళిపోయాడు.

మిగతావాళ్ళూ ఒక్కొక్కరే బయల్దేరారు. లోయిస్ చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"పెట్టె పోగొట్టావు కదా, నాన్నా."

"పోగొట్టాను."

"మళ్ళీ అను."

"పోగొట్టాను."

"అది కాదు. నా కన్ను సంగతి."

వెర్నన్ టోపీ తీసి, మళ్ళీ అన్నాడు. ఈసారి చుట్టుపక్కల వినేవాళ్ళెవరూ లేరు.