చప్పుడు లేని బండి

"ఇల్లు తగలబడిపోతున్నా ఈ కొంపలో ఒక్కరికీ పట్టదు!"

తండ్రి అరుపుకి కూతురు తలకి చుట్టుకున్న తువ్వాలుతోనే వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. పొయ్యి మీద కెటిల్ నల్లగా మాడిపోయి ఉంది. నీళ్ళు ఎప్పుడో ఇగిరిపోయాయి. వంటిల్లంతా మాడు వాసన. చెయ్యి చాపితే పొయ్యి అందేంత దగ్గరలో, తండ్రి పేపరు ముందేసుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మీ పక్కనే కదా నాన్నా ఉంది? పాపం అది ఈల వేసీ వేసీ అలిసిపోయింది. నాకు స్నానాలగదిలోకి వినపడుతూనే ఉంది. మీరున్నారు కదా, కట్టేస్తారులే అనుకున్నాను."

"అంటే? నేను పేపరు చదువుకోవాలా, మీ పొయ్యికి కాపలా కాయాలా? పని చేతకాదు గానీ నోరు మాత్రం బారెడు!"

పెరట్లో బట్టలు ఆరేస్తున్న తల్లి తడిచేతులతో లోపలికి వచ్చింది. ఎవరి మొహమూ చూడకుండా కెటిల్‌ని మసిగుడ్డతో పట్టుకుని కుళాయి కింద పెట్టింది. అది చుయ్యిమంది. "నాదే తప్పు. పొయ్యి మీద పెట్టి మరిచిపోయాను" అంది.

ఈ మధ్య ఆ ఇంట్లో ఏది మాడినా, ఏది పొంగినా, తలుపు కొట్టినవాళ్ళు విసుగెత్తి వెనక్కి వెళ్ళిపోయినా, అన్నీ తల్లి తప్పులే అవుతున్నాయి.

కొడుకు బూట్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ఈసారి మాడేముందు మనిషిని పేరు పెట్టి పిలిచే కెటిల్ కొనమ్మా."

ఇంటి ముందున్న రేకుల షెడ్డే వాళ్ళ బతుకుతెరువు. కార్ల అద్దాలు మార్చే షెడ్డు. స్థలం తల్లికి ఆమె తండ్రి రాసిచ్చింది. పనీ, పేరూ మాత్రం ఈయనవి. అద్దం మీద వేలి మెటికతో కొట్టి, ఆ చప్పుడు విని బీట ఎక్కడుందో చెప్పేవాడు. చేతులు తెగే పని తనకొద్దని కొడుకు ఫోన్ల కొట్లో చేరిపోయాడు. కూతురు మాత్రం చదువు అవగానే చేతి తొడుగులు వేసుకుని ఆయన వెనకాల నిలబడింది. చిన్నప్పుడు వసపిట్టలా వాగుతుండేదని ఆయన ఆమెను గోరింక అని పిలిచేవాడు. "ఈ ఏడాది దాటనీ, షెడ్డు నీకు వదిలేస్తానే గోరింకా" అని నోరారా అన్నది కూడా ఆయనే. ఆమె ఆ మాట మీదే బతుకుతోంది. ఇంకేదీ అడగలేదు.

పొద్దెక్కాక షెడ్డు ముందు టాక్సీ ఆగింది. అందులోంచి పళ్ళ డాక్టరమ్మ దిగింది. ఆవిడ హైబ్రిడ్ కారుకి పైకప్పు అద్దం మార్చి వారం కూడా కాలేదు. కారులో రావలసిన మనిషి టాక్సీలో రావడం చూసి కూతురు చేతిలో పని వదిలేసి లేచింది.

డాక్టరమ్మ బల్ల మీద ప్లాస్టిక్ కప్పు పెట్టింది. అందులో పంచదార పలుకుల్లా గాజు రవ్వ మెరుస్తోంది.

"ఇదేంటో చెప్పండి. నిన్న దారిలో వెనక సీటు పక్కనుంచి గరగరమని చప్పుడు మొదలైంది. కాసేపటికి ఎర్రదీపం వెలిగింది, బండి ఆగిపోయింది. విప్పి చూస్తే బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ నిండా ఇదేనట. అక్కడ పేషెంట్లు నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు, ఇక్కడ నేను రోడ్డు మీద నిలబడ్డాను."

కూతురికి ఆ రోజు కళ్ళ ముందు కదిలింది. గాలివానకి కొమ్మ విరిగిపడి ఆ కారు సన్‌రూఫ్ తునాతునకలైంది. ఆమె సీట్ల మీదా డాష్‌బోర్డు మీదా మందపాటి దుప్పట్లు పరిచింది. వెనక సీటు పక్కన చిన్న జాలీ ఉంటుంది. బండి ఆన్‌లో ఉంటే ఫ్యాన్ అందులోంచి గాలి పీల్చి బ్యాటరీకి అందిస్తుంది. రవ్వ అందులోకి పోకుండా ఆమె కాగితం అడ్డం పెట్టి టేపు వేసింది. తండ్రి వచ్చి ఆ టేపు పీకి పారేశాడు. "సీటుకి జిగురంటితే జవాబు నువ్వు చెప్తావా? ఆగి ఉన్న బండికి ముక్కు మూయడమెందుకు?"

తర్వాత ఆయనే డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. మరలు అందడానికి కప్పులోని చట్రం పైకి లేపాలి, దానికి కరెంటు కావాలి. అలవాటుగా బ్రేకు మీద కాలేసి స్టార్టు బటను నొక్కాడు. బ్రేకు తొక్కకుండా నొక్కితే ఉత్త కరెంటే వస్తుంది. తొక్కి నొక్కితే బండి మొత్తం లేస్తుంది. పాత బండి అయితే ఇంజిను గర్జించి చెప్పేది. ఇది బ్యాటరీ మీద లేస్తుంది, నోరెత్తదు. చట్రం లేవగానే ఆయన తాళం జేబులో వేసుకుని దిగి వెళ్ళిపోయాడు. ఆమె వెనక సీట్లో వాక్యూమ్ హోరులో ఉంది. పని పూర్తయి డాష్‌బోర్డు మీద దుప్పటి ఎత్తేసరికి దీపాలు వెలుగుతున్నాయి. గుట్టుచప్పుడు కాకుండా బటను నొక్కి ఆపేసింది. చెబితే ఇంటి కప్పు లేచిపోతుందని చెప్పలేదు.

"ఇది ఎవరి నిర్వాకం?" అంది డాక్టరమ్మ.

తండ్రి క్షణం కూడా ఆలోచించలేదు. "మా అమ్మాయిదండీ. లోపల శుభ్రం చేసింది అదే. బండి ఆన్‌లో పెట్టుకుని పని చేసుంటుంది."

"నేను కాదు నాన్నా. చట్రం లేపడానికి ఆన్ చేసింది మీరు. దిగేటప్పుడు ఆపలేదు. దుప్పటి తీశాక చూసి నేనే ఆపాను."

"నువ్వే ఆపావా? మరి ఆ రోజు నోరెందుకు పెగల్లేదు?"

"చెబితే ఇదిగో, ఇలా అరుస్తారని."

అద్దాల కోసం వచ్చి బెంచీ మీద కూర్చున్నవాళ్ళు తలలెత్తి చూశారు. తండ్రి మొహం జేవురించింది. "బండి నడుస్తోందో ఆగిందో నాకు చెప్పేదానివా నువ్వు? కళ్ళకి గంతలు కట్టినా చెవితో చెప్తాను! చూశారా డాక్టరమ్మా, తప్పు చేసి తండ్రి నెత్తిన రుద్దే బిడ్డని కన్నాను. తియ్యి. ఆ తొడుగులు తియ్యి."

ఆమె తీసింది. ఆయన వాటిని లాక్కుని పగిలిన గాజు వేసే పీపాలోకి విసిరేశాడు.

"ఆవిణ్ణి క్షమించమని అడుగు."

"నాన్నా..."

"అడుగు!"

అడిగింది. డాక్టరమ్మ ఇబ్బందిగా కదిలింది. "నాకు క్షమాపణలెందుకండీ, ఫ్యాన్ మార్పించండి చాలు."

"మారుస్తాను. ముందు దీన్ని మారుస్తాను" అన్నాడాయన. బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. "ఈ చేతుల్తో నా షెడ్డులో ఇంక మంచినీళ్ళ గ్లాసు కూడా ముట్టుకోకు. పో."

ఇంటికీ షెడ్డుకీ మధ్య ఉన్న గుమ్మంలో తల్లి టీ పళ్ళెంతో నిలబడి ఉంది. అంతా విన్నది. కూతురు తనవైపు చూడగానే తల దించుకుని, మెల్లగా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. తండ్రి మాటల కంటే ఆ వీపు కూతుర్ని ఎక్కువ కోసింది.

మధ్యాహ్నం వంటింట్లో తల్లి మాడిన కెటిల్ తోముతోంది. కూతురు గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఆ రోజు నాన్నని అన్నానికి పిలవడానికి షెడ్డులోకి వచ్చావు కదమ్మా. నువ్వేమీ చూడలేదా?"

తల్లి చెయ్యి ఆగలేదు. "విన్నాను. ఆయన తాళం జేబులో వేసుకుని దిగగానే, ఆపకుండా దిగారని ఆ బండి వెనకనుంచి కీకీమని కూసింది. నాలుగడుగులు వేశాక మళ్ళీ కూసింది. ఆయన నా ఎదురుగా వచ్చి, ఏం వండావు అన్నారు."

"మరి ఇవాళ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? పది మందిలో, మీకు చెవులు పోయాయండీ అని చెప్పనా?"

పీచు కిందపడింది. కూతురికి ఒక్కొక్కటీ అర్థమవుతూ వచ్చాయి. ఈల వేసిన కెటిల్. తలుపు కొట్టి కొట్టి వెనక్కి వెళ్ళిపోయినవాళ్ళు. భోజనాల బల్ల దగ్గర తల్లి ఎప్పుడూ ఆయన కుడిపక్కనే కూర్చోవడం. తను ఎడమవైపునుంచి మాట్లాడితే కసురుకోవడం. అద్దం మీద మెటికతో కొట్టడం ఆయన ఎప్పుడో మానేశాడని కూడా ఇప్పుడే గుర్తొచ్చింది.

"ఎడమది పూర్తిగా పోయింది. కుడిదీ తగ్గుతోంది" అంది తల్లి. "ఆయన అరిచేది కోపంతోనే కాదే. తను అరిస్తే ఎదుటివాళ్ళూ గొంతు పెంచుతారు. అప్పుడు కాస్త వినపడుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే పళ్ళెం విసిరికొట్టారు. చెవిటివాడి షెడ్డుకి బండి ఎవడు తెస్తాడు అన్నారు."

"అందుకని నన్ను పీపాలోకి విసిరేస్తుంటే టీ పళ్ళెం పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయావు."

తల్లి వంగి కిందపడ్డ పీచు తీసుకుంది.

"ఆయనకి చెవుల్లేవు. నీకు నోరు లేదు. మధ్యలో నేనొక్కదాన్నే దొరికాను మీ ఇద్దరికీ" అని కూతురు వెళ్ళిపోయింది. తల్లి చాలాసేపు ఆ కెటిల్‌ని తోముతూనే ఉంది. మాడు మాత్రం వదల్లేదు.

రాత్రి భోజనాలకి నలుగురూ కూర్చున్నారు. తండ్రి రొట్టె తుంచుతూ గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే నెలనుంచి షెడ్డు వీడిది" అన్నాడు కొడుకుని చూపిస్తూ.

కొడుకు ముందే సిద్ధంగా ఉన్నాడు. గొంతు పెంచి చెప్పాడు. "నేను గాజు ముట్టుకోను నాన్నా. మా స్నేహితుడు గోడౌనుకి అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం."

"నీ ఇష్టం. ఇది మాత్రం అందులో కాలు పెట్టకూడదు." కూతురివైపు తిరిగాడు. "నీకు మీ అత్త బట్టల కొట్లో పని మాట్లాడాను. బట్టలైతే పగలవు."

కొడుకు పకపకా నవ్వాడు. కూతురు తల ఎత్తలేదు.

అప్పుడు తల్లి లేచింది. తన పళ్ళెం తీసుకుని, కుర్చీ ఈడ్చుకుంటూ ఆయన వెనకనుంచి చుట్టూ తిరిగి వచ్చి ఎడమపక్కన కూర్చుంది. ఈ మధ్య ఆమె ఆ పక్కన కూర్చోవడం పిల్లలిద్దరూ ఎప్పుడూ చూడలేదు. ఆమె గొంతు పెంచలేదు, తగ్గించలేదు. కూర ఇంకాస్త వేసుకోండి అనేటప్పుడు ఎలా అంటుందో అలాగే అంది.

"షెడ్డు నా పేరున ఉంది. రేపట్నుంచి దాని తాళాలు గోరింక దగ్గరుంటాయి. మీరు ఇంట్లో ఉంటారు. ఆ కారు ఆపకుండా దిగింది మీరు. అది వెనకనుంచి కూస్తూనే ఉంది. మీకు వినపడలేదు."

తండ్రి రొట్టె కూరలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. అలవాటు కొద్దీ కుడివైపు తిరిగి, "కూరలో ఉప్పు తగ్గింది" అన్నాడు.

అక్కడ ఎవరూ లేరు.

కొడుకు నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. చేతిలో రొట్టె చేతిలోనే ఉంది. ఆయన చుట్టూ చూశాడు. భార్య ఎడమపక్కన కనిపించేసరికి కళ్ళు చిట్లించాడు. "ఏంటి? అందరూ నా మొహం అలా చూస్తారేం?"

తల్లి రెండోసారి కూడా అదే గొంతుతో, అవే మాటలు చెప్పింది. ఆయన ఆమె పెదవులకేసి చూస్తున్నాడు. నుదుటి మీద నరం ఉబ్బింది.

"గొణుగుతావేం? గట్టిగా ఏడవచ్చుగా!"

"నాన్నా" అన్నాడు కొడుకు, బల్లకి అవతలినుంచి, దాదాపు అరుస్తూ. "అమ్మ గొణగలేదు. మా ఇద్దరికీ వినపడింది."

ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. ఒకసారి కొడుకుని, ఒకసారి భార్యని చూశాడు. దాచుకున్నదంతా భార్య నలుగురి మధ్యలో పళ్ళెంలో పెట్టి వడ్డించేసిందని తెలుస్తున్నకొద్దీ ఆయన మొహం పసివాడి మొహంలా వంకరపోయింది. కన్నీటి బొట్టు ఒకటి రొట్టె మీద పడింది. తుడుచుకోలేదు. తల్లి కదల్లేదు. ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి.

ఇలాంటి క్షణం వస్తే తనకి హాయిగా ఉంటుందని కూతురు మధ్యాహ్నమంతా అనుకుంది. ఇప్పుడు చేతిలో ముద్ద పళ్ళెంలోనే వదిలేసింది. లేచి వెళ్ళి ఆ ఖాళీ కుడిపక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"గోరింకా" అన్నాడాయన. ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో. "ఆ రోజు బండి నిజంగా కూసిందా?"

"కూసింది నాన్నా. అమ్మ విన్నది."

"చాలాసేపా?"

"మీరు ఆగుతారేమోనని అది చూసినంతసేపు."

ఆయన తల ఊపాడు. చొక్కా జేబులోంచి షెడ్డు తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టబోయాడు. ఆమె తీసుకోలేదు. తాళాలతో ఉన్న ఆయన చేతిని పళ్ళెం పక్కకి నెట్టి, కుడి చెవికి దగ్గరగా వంగి, ముగ్గురికీ వినపడేలా చెప్పింది.

"రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి మనిద్దరం వెళ్తాం. ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు కాదు, పేషెంట్లందరూ కూర్చుని ఉన్నప్పుడు. బండి ఆపనిది నేనే అని మీ నోటితో చెప్పాలి. అక్కణ్ణించి చెవుల డాక్టరు దగ్గరికి. ఆ తర్వాతే నేను ఈ తాళాలు ముట్టుకునేది. ఆ పీపాలోంచి నా తొడుగులు కూడా మీరే ఏరి ఇవ్వాలి."

"గాజు ఉంటుందే దాన్నిండా" అన్నాడు తండ్రి మెల్లగా.

"ఉంటుంది నాన్నా" అంది కూతురు.