కొమ్మ వెంట వచ్చినవాళ్లు

"మా అమ్మని ఆ ముసలోళ్ల ఆశ్రమంలో పారేసింది నువ్వే కదే," అంది బజభిలే, ఆసుపత్రి వరండాలో అందరూ వినేలా.

"పారేసింది నేనే. నెలనెలా వెళ్లి చూసిందీ నేనే. నువ్వెన్నిసార్లు వెళ్లావు వదినా?" అంది ఖోంబిసిలే.

ఆ ఆడపడుచుకీ ఈ మొగుడుపోయిన కోడలికీ ఇది పాత గొడవే. రేపు ముసలమ్మని పూడ్చాలి. ఈలోపు రేగు కొమ్మ పట్టుకెళ్లి, ప్రాణం పోయిన మంచం మీంచి ఆత్మని పిలిచి ఇంటికి తేవాలి. తేకపోతే అది దారి తప్పి, తిరిగి తిరిగి, ఇంట్లోవాళ్ల మీదే పడుతుంది. ఇంట్లో ఖోంబిసిలే కూతురు నిండు చూలాలు.

పిలవాల్సింది కన్నకూతురు. మా జులూల్లో కోడలు అత్త పేరు నోట పలకకూడదు. కానీ గది తలుపుకి అంటించిన ఎర్ర కాగితం చూసి బజభిలే గుమ్మంలోనే ఆగిపోయింది.

"గ్లౌజులు లేకుండా ఏదీ ముట్టుకోకండి," అంది నర్సు. "ఏ మందుకీ చావని క్రిమి. మీ ఆశ్రమంలో అందర్నీ ఒకే బేసిన్‌లో ముంచిన గుడ్డతో తుడుస్తారట. అక్కణ్ణించి వచ్చిన ముసలమ్మలందర్నీ ఈ మంచం మీదే ఉంచాం. ఎంత కడిగినా పోదు. ఒక్కరూ లేచి వెళ్లలేదు."

"నేన్రాను. నువ్వే పిలువు," అంది బజభిలే. "నీలాంటి మొండిదాన్ని క్రిమి కూడా ముట్టదు."

ఖోంబిసిలే లోపలికెళ్లింది. బ్లీచింగు వాసన. దాని కింద ఉచ్చ వాసన. కొమ్మని పరుపుకి ఆనించింది. పేరు పలకలేదు.

"అమ్మా, లే. ఇంటికి పోదాం."

కొమ్మ బరువెక్కింది. చాలా బరువు.

ఇక ఇంటి గుమ్మం దాటేదాకా, కొమ్మ మోసే మనిషి బతికున్నవాళ్లతో మాట్లాడకూడదు. టాక్సీ స్టాండులో వ్యాను ఖాళీగా ఉంది. ఇద్దరూ మధ్య సీట్లో కూర్చున్నారు. డ్రైవరు అద్దంలోకి చూసి బండి తీశాడు.

"నిండకుండానే పోతున్నావేంటయ్యా?" అంది బజభిలే. "మేమిద్దరం, కొమ్మ మీద మా అమ్మ. అంతేగా."

"వెనకవాళ్లు మీవాళ్లు కాదా? ఆసుపత్రి గౌన్లతోనే ఎక్కించేశారు. వణికిపోతున్నారు పాపం. దుప్పట్లు తేలేదా?"

బజభిలే సీటు అంచుకి జరిగింది.

మునిమాపు. చెరుకు తోటల మధ్య దారి. ఖోంబిసిలే వేళ్ల మీద ఏదో చల్లగా తగిలింది. తడి గుడ్డలా... మెల్లగా తుడుస్తోంది. చచ్చినవాళ్లతో అయితే మాట్లాడొచ్చు. గుసగుసగా అడిగింది.

"అమ్మా... నువ్వేనా?"

"ఊఁ..." చెవి పక్కనే.

"ఊఁ..." వెనక సీట్లోంచి.

"ఊఁ... ఊఁ... ఊఁ..."

ఇంటి ముందు బండి ఆగింది. గుమ్మంలో కూతురు, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని.

"అందరి డబ్బులూ ఇచ్చి దిగండి. సీటుకి ఇరవై ఎనిమిది రాండ్లు," అన్నాడు డ్రైవరు.

ఏ ఆత్మకి సీటు డబ్బు కడితే అది ఇంటి మనిషైపోతుంది. ఖోంబిసిలే మూడు వేళ్లు చూపించింది. వదిన చెయ్యి పట్టుకుని లాగింది. వద్దు... వద్దు... తల అడ్డంగా ఊపింది. నోరు విప్పితే మాత్రం అత్త కూడా దారి తప్పిపోతుంది.

బజభిలే ఆమెని చూడట్లేదు. తన మెడ మీద ఏదో ఊపిరి విడుస్తోంది.

"ఎంతమందికి?" అంది, వెనక్కి తిరక్కుండా.

డ్రైవరు వేలితో చూపిస్తూ పదకొండు దాకా లెక్కపెట్టాడు. బజభిలే రుమాలు ముడి విప్పి అందరి డబ్బులూ కట్టేసింది.

మూడు వందల ఎనిమిది రాండ్లు.