ఫౌండ్రీ వెనకాల నేల

ఇనుము కరిగించి పోతపోసే ఫౌండ్రీ ఒకటి మూతబడి ఉంది, దాని వెనకాల ఓ ఖాళీ జాగా. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్లరు. అక్కడ తెల్లచీరలు కనపడవు, ఏడుపులు వినపడవు. ఏదన్నా కింద పడితే మాత్రం ఇక దొరకదు... అంతే. తాళంచెవులు, గాజులు, ఒకాయన బంగారు పన్ను కూడా పోయిందంటారు. "జేబుకి చిల్లున్న ప్రతివాడూ దెయ్యం మీద పెడతాడు" అని నవ్వేవాణ్ణి నేను, మావయ్య నాకీ సంగతి చెప్పేదాకా.

మా బాబాయికి మెటల్ డిటెక్టర్ పిచ్చి. సెలవు దొరికితే చాలు, కర్ర చివర పళ్లెం లాంటిది ఉన్న ఆ మెషిన్ పట్టుకుని పాడుబడ్డ గోడల చుట్టూ, బీళ్లలో తిరిగేవాడు. నిధి దొరుకుతుందని ఆశ. దొరికినవి మేకులు, సీసా మూతలు, అరిగిపోయిన రాగి నాణెం ఒకటి. కింద లోహం తగిలితే మెషిన్ కుయ్‌మంటుంది కాబట్టి ఆయనకి కుయ్యి బాబాయి అన్న పేరు స్థిరపడింది. "కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఈయన్నే చూడాలి" అనేది పిన్ని.

ఆ పిన్ని ఉంగరమే ఆ జాగాలో పడిపోయింది. పిన్ని నర్సు. డ్యూటీ నుంచి వస్తూ, ఆలస్యమైందని అడ్డదారిన పడింది. అమ్మమ్మ పోయేముందు తన వేలి నుంచి తీసి పిన్ని వేలికి తొడిగిన ఉంగరం అది. మనిషి అన్నం మానేసింది. పైగా ఆ స్థలం కొన్నవాళ్లు తెల్లారితే కాంక్రీటు పోయిస్తామన్నారు. కాపలావాడు పగలంతా లోపలికి రానివ్వలేదు. చీకటి పడగానే మాత్రం వెళ్లిపోతాడు. వాడికీ ప్రాణం తీపే కదా.

"రాత్రికి తెచ్చేస్తా, ఏడవకు" అన్నాడు బాబాయి. తోడుగా పిన్ని తమ్ముడు, మా మావయ్య వెళ్లాడు. స్కూటర్ మెకానిక్కు. ఇక్కణ్ణుంచి ఆయన చెప్పిందే చెబుతున్నా.

ఓ మూల నుంచి మొదలెట్టారు. నేలకి ఆనీ ఆనకుండా పళ్లెం ఇటూ అటూ ఊపుకుంటూ... చప్పుడు లేదు.

ఒక్కసారి కూడా లేదు.

"బ్యాటరీ అయిపోయిందేమో బావా."

బాబాయి తన వాచీని పళ్లెం దగ్గర పెట్టాడు. కుయ్! మెషిన్ బాగానే ఉంది.

"ఒరేయ్... ఫౌండ్రీ వెనకాల అడుగడుక్కీ ఇనపముక్క ఉండాలి. ఒక్క మేకు కూడా లేదేంట్రా?" అన్నాడు గొంతు తగ్గించి. "మనకంటే ముందే ఎవరో శుభ్రంగా ఏరేశారు."

అప్పుడు కూసింది మెషిన్. మట్టి పైనే, టార్చి వెలుగులో మెరుస్తూ — ఉంగరం! ఎవరో ఎర పెట్టినట్టు, తవ్వే పని కూడా లేదు. బాబాయి గుప్పిట్లో బిగించి, నవ్వుతూ మెషిన్ ఆపేశాడు.

కుయ్...

"ఆపెయ్ బావా."

"ఆపేశాను."

కుయ్... కుయ్...

మట్టి కింద నుంచి వస్తోంది. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, అచ్చం బాబాయి ఊపినట్టే — వెతుకుతోంది. వెతుకుతూ వచ్చి సరిగ్గా మావయ్య కాళ్ల కింద ఆగింది.

"పై ప్రాణాలు పైనే పోయాయిరా" అన్నాడు మావయ్య నాతో. జేబులో ఉన్న రెంచీ, తాళాలు తీసి దూరంగా విసిరేశాడు. కూత అటు పరిగెత్తింది. టార్చి వేసి చూస్తే మట్టి ఓసారి కదిలి సర్దుకుంది. రెంచీ లేదు, తాళాలు లేవు.

ఇద్దరూ పరుగందుకున్నారు. కూత వెనకే వచ్చింది. మావయ్య టార్చి కూడా విసిరేశాడు. బాబాయి వాచీ విసిరాడు. బెల్టు విసిరాడు. ప్రాణంలా చూసుకునే మెషిన్ విసిరాడు. విసిరినప్పుడల్లా నాలుగడుగుల సందు దొరికేది.

"ఉంగరం కూడా పారెయ్ బావా!"

"మీ అక్కకి ఏం చెప్పన్రా..."

"నువ్వు లేవని నన్ను చెప్పమంటావా?"

ఆ మాటకి బాబాయికి ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే విసిరాడు.

కూత ఆగిపోయింది. హమ్మయ్య అనుకున్నారు. గోడ ఎదురుగానే ఉంది...

కుయ్.

బాబాయి కుడికాలి కింద.

"నా దగ్గర ఇంకేం లేదురా... గుండుసూది కూడా లేదు..."

ఉంది. ఎప్పుడో బండి మీంచి పడ్డప్పుడు తొడ ఎముకకి వేసిన స్టీలు రాడ్డు. అది విసిరేసే వస్తువు కాదు.

కాలు చీలమండ దాకా మట్టిలోకి దిగిపోయింది. మావయ్య బాబాయి చంకల కింద చేతులేసి లాగి భుజానికెత్తుకున్నాడు. నేలకి ఎడం పెరిగేకొద్దీ కూత తగ్గుతుందని బాబాయే వందసార్లు చెప్పి ఉన్నాడు. ఇక్కడా తగ్గింది. గోడ దాటేదాకా ఆయన్ని దింపలేదు.

అంతా విని, "ఉంగరం పోతే పోయింది, మనిషి దక్కాడు" అని పిన్ని ఆ కాలు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. నెల తిరక్కుండా ఊరికి ఆ చివర, మూడో అంతస్తులో ఇల్లు చూసుకుని మారిపోయారు. ఇక గండం గడిచిందనే అనుకున్నాం అందరం.

మొన్న నేను వెళ్లి కూర్చుని టీ తాగుతుంటే, రెండో అంతస్తులో ఉండే కుట్టుపనావిడ గుమ్మంలోకి వచ్చింది.

"నర్సమ్మగారూ, ఓ రెండు సూదులుంటే ఇస్తారా? కింద షాపు వాళ్ల తూకంరాళ్లు పోయాయంటే ఎవరో దొంగలనుకున్నాం. తర్వాత మొదటి అంతస్తులో చెంచాలు పోయాయి. ఇవాళ చూస్తే మా ఇంట్లో ఒక్క సూది లేదు... కత్తెర కూడా లేదండీ."

ఆవిడ వెళ్లాక బాబాయి టీ గ్లాసు పక్కన పెట్టి, మెల్లగా కాళ్లు రెండూ కుర్చీ మీదికి తీసుకున్నాడు.