అత్తగారు అడిగిన మోత

ఆ శనివారం పొద్దున సరోజమ్మ ఉప్పిట్టుకు రవ్వ వేయిస్తోంది గాని, ఆమె ధ్యాసంతా నడవలోనే ఉంది. అక్కడ కొడుకు యశ్వంత్, కోడలు ఆశ కాఫీ తాగుతూ మాట్లాడుకుంటున్నారు. కొడుకు మాట స్పష్టంగా వినిపిస్తోంది. కోడలిది మాత్రం ఎప్పటిలాగే గొణుగుడు. పెదవులు చకచకా కదులుతున్నాయి, మాట మాత్రం వంటింటి గడప దాటి రావడం లేదు. "సరే, నువ్వు ఏమీ అనొద్దు, అమ్మకు నేనే చెప్తా," అన్నాడు యశ్వంత్. ఆ ముక్క చాలు సరోజమ్మకు. రవ్వ మాడిన వాసన వచ్చేదాకా ఆమె కదల్లేదు.

బెంగళూరు కబ్బన్‌పేటలో వాళ్ళ సందు ఎంత ఇరుకంటే, ఎదురింట్లో తాలింపు పెడితే వీళ్ళు తుమ్ముతారు. వాళ్ళ ముందుగదిలో ఇరవై ఎనిమిదేళ్ళు రెండు మరమగ్గాలు ఆడాయి. భర్త నూలు తేవడం, బేరాలు చూసుకుంటే, పొద్దస్తమానం మగ్గాల పక్కన నిలబడింది సరోజమ్మే. ఆయన పోయాక మగ్గాలు అమ్మేసింది. అప్పటినుంచి గది ఖాళీ, ఆమె చేతులూ ఖాళీ. ఖాళీగా ఉన్న మనిషికి అనుమానాన్ని మించిన కాలక్షేపం లేదు. ఏడాది కిందట కోడలు వచ్చాక ఆమెకు పనికి కొదవ లేకుండా పోయింది.

ఈ ఏడాదిలో ఆమె పోగు చేసిన రుజువులు తక్కువేమీ కాదు. తానున్నప్పుడు కోడలు కావాలనే గొంతు తగ్గిస్తుంది. ఇద్దరూ నవ్వుకుంటారు, ఎందుకో చెప్పరు. కుక్కర్ ఒక్క కూతైనా కూయకముందే కోడలు పరుగున వచ్చి స్టవ్ ఆపేస్తుంది, అత్త వండిన పప్పు ఉడక్కూడదని కాకపోతే ఎందుకు? అన్నిటికంటే పెద్ద రుజువు మొన్న దొరికింది. యశ్వంత్ ఫోన్లో, ఊరి చివర హెబ్బగోడిలో మేడమీది ఇంటి సంగతి అడుగుతున్నాడు. వేరు కాపురం పెట్టబోతున్నారని ఆమెకు అప్పుడే తేలిపోయింది. కొడుకును తన నుంచి విడదీయడానికే ఈ గుసగుసలన్నీ అనుకుని, ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా తినలేదు.

హెబ్బగోడి మాట అబద్ధం కాదు. కాని దాని వెనుక కథ వేరు.

ఆశ హెబ్బగోడి దగ్గరి చందాపుర పిల్ల. కాలేజీ రోజుల నుంచి డ్రమ్స్ వాయిస్తుంది. ఎక్కడెక్కడి వాళ్ళో పాటలు పంపిస్తే, వాటికి డ్రమ్స్ వాయించి, రికార్డు చేసి పంపడం ఇప్పుడు ఆమె పని. దానికోసం రోజూ సిటీ ఆ చివరకు పోయి గంటల లెక్కన స్టూడియో తీసుకుంటోంది. ఖాళీగా ఉన్న మగ్గాల గది ఇస్తే ఇంట్లోనే రికార్డింగ్ చేసుకోవచ్చు. కాని అత్తగారిని అడగాలంటే ఆశకు భయం. భయం కూడా కాదు, కోపం. తాను "అత్తా" అని పిలిస్తే ఆమె తిరిగి చూడదు. రెండోసారి పిలిచినా పలకదు. అదే యశ్వంత్ నడవలోంచి "అమ్మా" అంటే చాలు, చేతిలో పని వదిలేసి వస్తుంది. మొదట్లో పరధ్యానం అనుకుంది. తరువాత తాను ఈ ఇంటికి పనికిరాని మనిషినని అనుకుంది. నోరు మెదపకుండా సాధించడం అంటే ఇదేనని చందాపురలో వాళ్ళమ్మ కూడా తేల్చేసింది. గది దొరక్కపోతే హెబ్బగోడిలో స్నేహితురాలు దివ్య వాళ్ళ మేడమీదికి వెళ్ళిపోదామని ఆశ మొగుడికి గట్టిగానే చెప్పింది. అది తేల్చుకోవలసిన రోజు ఈ శనివారమే.

మాడిన ఉప్పిట్టు తింటూ యశ్వంత్ మెల్లగా విషయం ఎత్తాడు. గది కావాలన్నాడు. గోలవుతుందేమోనని భయపడొద్దు, ఎలక్ట్రానిక్ డ్రమ్స్ తెస్తాం అన్నాడు. అవి రబ్బరు పలకల్లా ఉంటాయట. కొడితే టపటపమని తప్ప శబ్దం రాదట. అసలు మోతంతా వైర్లలోంచి నేరుగా కంప్యూటర్‌లోకి పోతుందట. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఆశకు ఒక్కదానికే వినిపిస్తుందట. అదే తోలు బిగించిన మామూలు డ్రమ్స్ అయితే సందు చివరిదాకా మోగుతాయి, అందుకే వాటి జోలికి పోవడం లేదని హామీ ఇచ్చాడు. అమ్మ సంతోషిస్తుందనే అనుకున్నాడు పాపం.

సరోజమ్మ తింటున్న ఉప్పిట్టు తట్ట పక్కకు జరిపింది.

"తలుపు మూసుకొని, తనకు మాత్రమే వినిపించేట్లు వాయించేది ఏందప్పా అది? లోపల ఏం చేస్తా ఉండాదో బయటోళ్ళకు తెలియకూడదా?"

"అమ్మా, పక్కింటోళ్ళు గలాటె చేస్తారనే కదా..."

"ఎవరూ చెయ్యరు. ఇరవై ఎనిమిదేండ్లు మగ్గం మోత విన్న సందు ఇది. గది ఇస్తా. మోత వినపడేది తెచ్చేట్లయితేనే ఇస్తా."

 డ్రమ్స్ మోగాలని పట్టుబట్టే అత్తగారు బెంగళూరులో ఈవిడ ఒక్కతే అయి ఉంటుంది. నిజానికి ఆశ మనసులో ఉన్నవి కూడా ఆ తోలు డ్రమ్సే. కర్రకు తోలు తగిలి గదంతా నిండే ఆ నాదం రబ్బరు పలకల్లో రాదని ఆమె బాధ. రికార్డు చేయాలంటే వాటి చుట్టూ మైకులు పెట్టాలి, గోడలకు దళసరి గుడ్డలు కట్టాలి, అయినా సరే అవే కావాలని లోపల్లోపల ఉంది. కోరింది నోటికందుతుంటే సంతోషించాలి గదా. ఆశకు సంతోషం రాలేదు, అనుమానం వచ్చింది. గదిలోకి పోయి మొగుడితో అదే అంది. రేపు మోత మొదలవగానే పదిమందీ వచ్చి గొడవ చేస్తారు, అప్పుడు ఆ పదిమంది చేతే ఆపించవచ్చని అత్తగారి ఎత్తు అట. అమ్మకు అన్ని తెలివితేటలు లేవని యశ్వంత్ అన్నాడు. అన్నాడేగాని, అతనికీ నమ్మకం కుదరలేదు.

పదకొండు గంటలకు ముగ్గురూ బళేపేటలో వాద్యాల అంగడికి బయల్దేరారు. తానూ వస్తానని సరోజమ్మే పట్టుబట్టింది. తాను లేకపోతే మోగని సరుకు తెచ్చి మోగేదని చెప్తారని ఆమె భయం.

అంగడి యజమాని వెంకటేశప్ప నెమ్మది మనిషి. లోపలి హాల్లో ఒక పక్క తోలు బిగించిన అకౌస్టిక్ డ్రమ్స్, ఇంకో పక్క ఎలక్ట్రానిక్‌వి అమర్చి పెట్టాడు. పాడేవాళ్ళు సరిచూసుకోవడానికి ఒక మైకు కూడా ఉంది. సరోజమ్మ కుర్చీ జరుపుకుని మోగేవాటి ముందు కూర్చుంది. వెంకటేశప్ప కాలితో పెద్ద డ్రమ్ము తొక్కాడు. ధబ్బుమన్న ఆ మోత గుండెల్లో తగిలి, సరోజమ్మ ముఖం విప్పారింది. పక్కనున్న చిన్న డ్రమ్ముల మీద కర్రలు ఆడించాడు. ఆమె తల పంకించింది. ఇలాంటిది ఇంట్లో ఉంటే కోడలు ఏ క్షణాన ఏం చేస్తోందో వంటింట్లోంచే చెప్పవచ్చు.

"ఈ సింబల్ వినండమ్మా, దీని నాదం ప్రత్యేకం," అంటూ వెంకటేశప్ప పైనున్న ఇత్తడి పళ్ళేన్ని కర్ర కొనతో సుతారంగా తాకించాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. ఆశ కళ్ళు మూసుకుంది. ఆమె పెదవుల మీద చిరునవ్వు వచ్చింది. యశ్వంత్ కూడా బాగుందన్నట్టు తలూపాడు.

సరోజమ్మ ముగ్గురినీ మార్చి మార్చి చూసింది.

"మోగనే లేదు గదప్పా. సరిగ్గా కొట్టు."

వెంకటేశప్ప మళ్ళీ తాకించాడు. ఆమె ఇంకా ముందుకు వంగింది. ఆ ఇత్తడి తట్ట వణకడం కంటికి కనిపిస్తోంది. శబ్దం లేదు. కోడలు మాత్రం ఏదో విన్నట్టు తల ఆడిస్తోంది. అప్పుడు సరోజమ్మకు అంతా అర్థమైపోయినట్టయింది. ఏడాదిగా బిగబట్టుకున్నది ఒక్కసారిగా తెగింది.

"అంగడోడితో గూడా ముందే మాట్లాడుకొని వచ్చినారా? మోగని తట్ట కొడితే ముగ్గురూ తలూపుతారే. నన్ను పిచ్చిదాన్ని చేస్తా ఉండారు. ఇంట్లో గుసగుసలు చాలక ఈడికొచ్చి నాటకమా? నా కొడుకును హెబ్బగోడికి తోలుకొని పోవాలనుకుంటే మొగం మీదే చెప్పి తోలుకొని పో. ఏడాది నుంచి నా ముందర నోరు కదిలిస్తావు గాని, ఒక్క మాట తెరిచి మాట్లాడవు."

ఆశ ముఖం ఎర్రబడింది. ఆమె కూడా ఏడాదిగా బిగబట్టుకున్నదే.

"గుసగుసలాడేది నేనా అత్తా? నేను పిలిస్తే పలకనిది మీరు. పక్కన నిలబడి మాట్లాడినా గోడను చూసినట్లు చూసేది మీరు. ఆయన పిలిస్తే మాత్రం..."

అక్కడ ఆగిపోయింది. సరోజమ్మ కోడలి పెదవుల వైపు, చిరాగ్గా కళ్ళు చిట్లించి చూస్తోంది. కోపంగా ఉన్న మనిషి చూపు కాదది. వినపడని మనిషి చూపు.  డ్రమ్స్ నేర్పిన గురువు మొదటి రోజే చెవుల్లో దూది పెట్టుకోమని తిట్టిన సంగతి ఆశకు గుర్తొచ్చింది. పెద్ద మోతలో ఏళ్ళ తరబడి ఉంటే ముందు పోయేది సన్నటి శబ్దాలే అని చెప్పాడు. కుక్కర్ కూత. సింబల్. ఆడమనిషి గొంతు. మగ గొంతు మాత్రం నిలుస్తుంది.

ఇరవై ఎనిమిదేళ్ళు, రెండు మరమగ్గాల మధ్య.

ఆశ దగ్గరికి వచ్చింది. అత్తగారి చెయ్యి పట్టుకుని ఎలక్ట్రానిక్ డ్రమ్స్ దగ్గర కూర్చోబెట్టింది. సరోజమ్మ విదిలించుకోబోయింది గాని, కోడలి కళ్ళల్లో నీళ్ళు చూసి ఆగింది. ఆశ ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, సింబల్‌కు బదులున్న రబ్బరు పలకను కర్రతో తాకించింది. సరోజమ్మ అడ్డంగా తలూపింది. ఆశ సన్నటి శబ్దాన్ని పెంచే మీటను కొంచెం తిప్పి మళ్ళీ కొట్టింది. ఇంకొంచెం తిప్పింది. నాలుగోసారికి సరోజమ్మ భుజాలు ఉలిక్కిపడ్డాయి.

"మోగింది," అంది. "మళ్ళీ కొట్టు."

ఆశ కొట్టింది. తరువాత వెంకటేశప్పను అడిగి, మైకులో మాట ఆ హెడ్‌ఫోన్లలోకి వచ్చేట్టు వైర్లు కలిపించింది. అత్తగారికి ఎదురుగా కూర్చుని మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"అత్తా, నేను ఆశను. వినపడతా ఉండాదా?"

 కోడలి పెదవులూ కదిలాయి, మాటా వచ్చింది. రెండూ ఒక్కసారే వచ్చాయి.

"నీ గొంతు ఇంత సన్నంగా ఉంటుందా?" అంది సరోజమ్మ. "ఇంట్లో గూడా ఇట్లే మాట్లాడతా ఉంటివా?"

"ఇట్లే అత్తా. దినామూ."

సరోజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కుక్కర్ కూస్తూనే ఉందని, తాను మాడ్చబోయిన పప్పులన్నీ ఈ పిల్లే కాపాడిందని, తాను ముఖం తిప్పుకున్న ప్రతిసారీ ఈ పిల్ల ఎంత చిన్నబోయి ఉంటుందోనని ఒక్కొక్కటే తట్టి, దుఃఖం ఆగలేదు. యశ్వంత్ వచ్చి అమ్మ వెనుక నిలబడ్డాడు. ఏడాదిగా తనకు ఎదురుగానే ఉన్నదాన్ని తానూ కనిపెట్టలేదే అని తనను తానే తిట్టుకున్నాడు.

"ఆ మోత నీ మీద కాపలా పెట్టేదానికే అడిగినానమ్మా," అని ఒప్పుకుంది సరోజమ్మ.

"నేనేమో సందులోళ్ళంతా నా మీదికి రావల్లని అడుగుతా ఉండారు అనుకున్నా," అంది ఆశ. ఆ మాటకు ఇద్దరికీ ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఇంతకీ ఏది తీసుకుందామని యశ్వంత్ అడిగాడు. కోడలికి ఏది ఇష్టమైతే అది తీసుకోనీ, తలుపు మూసుకునే వాయించుకోనీ, తనకేమీ అభ్యంతరం లేదంది సరోజమ్మ. ఆశ లేచి వెళ్ళి, తోలు బిగించిన డ్రమ్ము మీద ఒకసారి అరచెయ్యి ఆనించింది. ఎన్నాళ్ళుగానో కోరుకున్నది. చెయ్యి తీసేసింది.

"ఎలక్ట్రానిక్‌వే తీసుకుందాం. అత్తకు మిగిలిన వినికిడైనా నిలుపుకోవల్ల. ఆ ఇంట్లో ఇంక మోత వద్దు." హెబ్బగోడి ఇల్లు అక్కర్లేదని దివ్యకు తానే చెప్తానంది. ముందు సాయంత్రం చెవుల డాక్టరు దగ్గరికి, ఆ తరువాతే డ్రమ్స్ ఇంటికి అని కూడా తేల్చేసింది.

యశ్వంత్ వెంకటేశప్పతో బిల్లు రాయించడానికి వెళ్ళాడు. ఆశ హెడ్‌ఫోన్లు తీయబోతే సరోజమ్మ రెండు చేతులతో పట్టుకుంది.

"ఉండు. ఈ ఏడాదిలో నాకు ఏమేం చెప్పినావో చెప్పు. ఏదీ విన్లేదు నేను."

 ఆశ మైకు మళ్ళీ నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"ఇంటికొచ్చిన నాలుగో దినం నేను వంకాయ పులుసు చేసినా. ఎట్లుండాది అత్తా అని అడిగినా. మీరు చెయ్యి కడుక్కొని లేచి పోయినారు."

సరోజమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ పులుసు ఆమెకు బాగానే గుర్తుంది.

"బాగుండెనమ్మా," అంది. "ఉప్పే స్వల్ప ఎక్కువ."